కీకప్ప కోసం వెళ్ళిన వానకాలం

ఆ యేడు జూన్ పద్దెనిమిదో తారీఖున మేం పొద్దున్నే బ్రెడ్డూ, ఉడకబెట్టిన గుడ్లూ తిన్నాం. తారీఖు గుర్తుండిపోవడానికి కారణం గుడ్డే. ఆసుపత్రి మందులు మొదలైన దగ్గర్నుంచి ఏది నోట్లో పెట్టుకున్నా ఇనుము నమిలినట్టుందని కంచం పక్కకి నెట్టేస్తున్న మా ఆవిడ, ఆ పూట ఒక గుడ్డు మొత్తం తినేసి, నా కంచంలో మిగిలిన సగం ముక్క వైపు చూసింది. నేను కంచం మెల్లిగా అటు జరిపాను. ఆమె తీసుకుంది. దాని గురించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. కొన్ని సంతోషాలు పైకి అంటే బెదిరిపోతాయి.

"సెప్టెంబరు ఆఖర్లో కూర్చుంటారట," అంది చేతులు తుడుచుకుంటూ. "ఈసారి నా కప్ప వంతు వచ్చింది."

నా కప్ప అంటే ఏ కప్పో ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆవిడ జీవావరణ శాస్త్రవేత్త. ప్రపంచంలోని కప్పల యోగక్షేమాలు కనిపెట్టి ఉండే ఒక పెద్ద కమిటీలో సభ్యురాలు. ఏ దేశంలో ఏ కప్ప ఎంత ఉంది, ఏది తగ్గుతోంది, ఏది ఇక లేదు అన్నది వాళ్ళు తేలుస్తారు. నేను పాఠ్యపుస్తకాల ముద్రణాలయంలో ప్రూఫులు దిద్ది పదవీ విరమణ చేసినవాణ్ణి. "ఆవిడ లోకంలో ఏ ప్రాణి తగ్గిందో చూస్తుంది, నేను పేజీలో ఏ అక్షరం తగ్గిందో చూస్తాను, మా ఇంట్లో నిండుగా ఉన్నదేదీ ఎవరికీ కనపడదు" అని స్నేహితుల దగ్గర హాస్యమాడేవాణ్ణి.

ఆ కప్పని లోకానికి మొదట పరిచయం చేసింది మా ఆవిడే. అప్పటికి మాకు పెళ్ళయి ఏడాది కాలేదు. బొటనవేలి గోరంత కప్ప, బురద రంగు. ఒకే ఒక కొండలోయలో, ఒకే వాగు పొడుగునా, వాన వెలిసిన తెల్లవారుజామున మాత్రమే కూసేది. అలారం గడియారానికి కీ ఇస్తున్నట్టు మూడుసార్లు కిర్రు, కిర్రు, కిర్రు. ఆఖర్న కీ బిగిసినట్టు ఒక టక్కు. శాస్త్రంలో దానికి నోరు తిరగని పేరు పెట్టింది. ఇంట్లో మాత్రం కీకప్ప.

ఆ తర్వాత కప్పల చర్మానికి పట్టే బూజు తెగులొకటి దేశం నుంచి దేశానికి పాకింది. మా ఆవిడ ఉద్యోగ జీవితమంతా ఆ తెగులు వెనకాలే నడిచింది. తను వెళ్ళేసరికే అది వెళ్ళి ఉండేది. చివరికి మన లోయకీ వచ్చింది. చాలా ఏళ్ళుగా కీకప్ప కూత ఎవరూ వినలేదు.

"వంతు వచ్చిందంటే?" అని అడిగింది వదిన. మా ఆవిడకి అక్క. చెల్లెలికి జబ్బని తెలియగానే తన టైలరింగు షాపుకి తాళం వేసి, కుట్టుమిషనుతో సహా మా ఇంట్లో దిగింది.

"ఉందా లేదా తేల్చి చెప్పాలక్కా. లేదంటే పోయినవాటిలో రాస్తారు."

"లేనిదాన్ని లేదని రాయడానికి అంతమంది కూర్చోవాలా?"

"కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. సరైన కాలంలో, సరైన చోట, సరిగ్గా వెతక్కుండా ఆ మాట అనకూడదు. పోయిన రెండు వానకాలాలూ వెతికారు. ఇది ఆఖరిది. నేను వెళ్ళాలి."

ఆ మాట డాక్టరుతో అంటే ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు మెట్లు దిగి వీధిలోకి వెళ్తానన్నా నేను ఆలోచిస్తాను. కొండెక్కుతానంటున్నారు."

ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మా వీధి మలుపు తిరిగాక అంది, "అయితే మీరు వెళ్ళండి."

"నాకేం తెలుసని?"

"ఏమీ తెలియక్కర్లేదు. పిచ్చుక వస్తుంది. దానికి అన్నీ తెలుసు. దాని పక్కన కదలకుండా కూర్చునే మనిషి కావాలి. ఆ ఒక్క విద్యా మీకు పుట్టుకతోనే వచ్చింది."

పిచ్చుక అంటే ఒకప్పుడు ఆమె దగ్గర పరిశోధన చేసిన అమ్మాయి. ఇప్పుడు తనూ పాఠాలు చెబుతోంది, నెత్తిన నెరిసిన వెంట్రుకలు కూడా వచ్చాయి. నోరు ఒక్క క్షణం ఊరుకోదు కాబట్టి మా ఆవిడ పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది.

*

నాకు శిక్షణ మా హాల్లోనే జరిగింది. మా ఆవిడ మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూర్చుని చెప్పేది, నేను చేసేవాణ్ణి. అరచేతిలో పట్టేంత స్పీకరు ఒకటి. దాంట్లో కీకప్ప పాత కూత వినిపించాలి. బతికున్న కప్ప ఏదైనా ఉంటే, తన చోటుకి ఇంకొకడొచ్చాడనుకుని బదులు కూస్తుంది. వినిపించడం కాసేపే. ఆ తర్వాత ఊపిరి బిగబట్టి వినడమే అసలు పని.

"ఏదీ, పెట్టండి."

పెట్టాను. కిర్రు, కిర్రు, కిర్రు. టక్కు. దాన్ని అంటుకునే ఒక దగ్గు.

"ఆ దగ్గు మీది," అంది ఆమె నవ్వుతూ. "అప్పుడు నాతో కొండకొచ్చి, మంచులో స్వెట్టరు వేసుకోమంటే వినలేదు."

"దాన్ని తీసేయకపోయావా?"

"తీస్తే టక్కు కూడా పోతుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇంత మంచి కూత మళ్ళీ దొరకలేదు. దేశదేశాల వాళ్ళు విన్నారు మీ దగ్గు. మిమ్మల్ని ఎవరూ ఎరగరు గానీ మీ జలుబుకి చాలా పేరుంది."

మిషను దగ్గర్నుంచి వదిన అందుకుంది. "మరిదిగారూ, దగ్గు సంగతి అలా ఉంచండి. మధ్యాహ్నం అయితే మీ పొట్టలో మొదలయ్యే గుడగుడకి ఆ కప్ప ఉన్నా ఊరొదిలి పోతుంది."

"అది తెల్లవారుజామున కూస్తుంది వదినా."

"అయితే మీ ఆవలింతలకి పోతుంది."

మా ఆవిడ నవ్వి, నవ్వు దగ్గులోకి దిగి, ఆయాసపడి, చెయ్యి ఊపింది, ఏం ఫర్వాలేదన్నట్టు. వదిన లేచి వచ్చి వీపు రాసింది.

బూట్ల సంగతి మాత్రం ఆమె హాస్యంగా తీసుకోలేదు. వాగులో దిగేముందూ, ఎక్కాకా మందునీళ్ళలో బూట్లు ముంచి, బ్రష్షుతో తోమి, ఆరబెట్టాలి. తెగులు మనుషుల బూట్ల మీదే చాలా దేశాలు తిరిగింది. "వెతకడానికి వెళ్ళినవాళ్ళే చంపి వచ్చారు కొన్నిచోట్ల," అంది. "అనుమానంగా ఉంటే అడుగు వేయకండి."

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి కూడా చెప్పింది, నేను అడక్కుండానే. కొన్నేళ్ళ కిందట, దూరాన ఒక ద్వీపం నుంచి కమిటీకి వచ్చే పెద్దాయన, తన ద్వీపపు కప్ప విషయంలో ఇంకొక్క వానకాలం ఆగమని బతిమాలాడట. ఆగుదామని చాలామంది అన్నారు. మా ఆవిడ ఒప్పుకోలేదు. "పోయినవాటి కోసం ఏటా మనుషుల్ని పంపుతూ ఉంటే, బతికున్నవాటి దగ్గర కాపలా ఎవరుంటారు, అన్నాను. ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు." దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుని, "సరైన మాటే," అంది. "సరైన మాట అన్నాక కూడా మనిషికి నిద్రపట్టదని అప్పుడు తెలిసింది."

*

జులై నెలలో చాలా భాగం నేనూ పిచ్చుకా ఆ లోయలో ఉన్నాం. అటవీ శాఖ వాళ్ళ రేకుల గది ఒకటుంది. వాన పడుతుంటే లోపల మాట వినపడదు. అందుకని పిచ్చుక అరిచి మాట్లాడేది. దారి పొడుగునా మాట్లాడేది. వంట చేస్తూ మాట్లాడేది. నాకు సూపులో ఉప్పు ఎక్కువైందని చెప్పే సందు కూడా దొరికేది కాదు.

అయితే వాగులో కాలు పెట్టగానే ఆ మనిషి వేరు. పెదవులు బిగించి, ఒక రాతి మీద కూర్చుని, కళ్ళు మూసుకునేది. ఆమె నోరు మూసుకోవడం చూశాకే ఈ పని ఎంత పెద్దదో నాకర్థమైంది.

రికార్డు చేసే పెట్టెలు రెండు. ఒకటి మా దగ్గరే. ఇంకొకటి వాగుకి ఎగువన, జలపాతానికి అవతల, చెట్టుకి కట్టాం. మేం వెళ్ళలేని వేళల్లో కూడా అది తనంతట తను వింటూ ఉంటుంది. ఒకసారి తడిసి ఆగిపోతే, పిచ్చుక జోరువానలో నా గొడుగు కింద వంగి దానికి బ్యాటరీలు మార్చింది.

రోజూ వెలుగు రాకముందే వెళ్ళేవాళ్ళం. స్పీకరు రాయి మీద పెట్టి కూత వినిపించేవాళ్ళం. కిర్రు, కిర్రు, కిర్రు, టక్కు, నా దగ్గు. ఆ తర్వాత మౌనం. మౌనమంటే ఏమీ లేకపోవడమని అనుకునేవాణ్ణి. కాదు. ఆకుల మీంచి జారే నీళ్ళు, పురుగుల రొద, వేరే కప్పలు రెండు మూడు రకాలు, ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు. అన్నీ ఉండేవి. అది తప్ప.

ఒక తెల్లవారుజామున వాన పూర్తిగా వెలిసింది. వాగు తగ్గి, జలపాతం హోరు కూడా సన్నబడింది. "ఇవాళ గనక ఉంటే తప్పకుండా కూస్తుంది బాబాయ్ గారూ," అంది పిచ్చుక నా చెవిలో. ఎండ రాళ్ళ మీదికి వచ్చేదాకా కూర్చున్నాం. స్పీకరు మళ్ళీ మళ్ళీ పెట్టాం. నా కాళ్ళు మొద్దుబారిపోయాయి. చివరికి ఆమె లేచి, నా చెయ్యి పట్టుకుని లేవదీసింది. రేకుల గది దాకా ఒక్క మాట మాట్లాడలేదు. గదికి చేరాక టీ కాచి, నా గ్లాసులో తన వాటా చక్కెర కూడా వేసింది.

*

రెండు పెట్టెల్లో పట్టుకొచ్చిన చప్పుళ్ళన్నీ మా ఆవిడే వినాలంది. పిచ్చుక దగ్గర కంప్యూటరు ఉంది, అది వెతికిపెడుతుంది కదా అంటే, "అది దానికి తెలిసింది వెతుకుతుంది, నేను నాకు తెలియనిది కూడా వింటాను," అంది.

అలా ఆగస్టంతా ఆమె మంచం మీద చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉండేది. నిద్రపోయిందా, వింటోందా తెలిసేది కాదు. కాలి బొటనవేలు కదిలితే వింటోందని అర్థం. ఆ గది పక్కనే వదిన మిషను. ఇరుగుపొరుగు వాళ్ళ బట్టలు కుట్టడం ఇక్కడ కూడా మొదలుపెట్టింది. చెల్లెలు హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకోగానే వదిన ఎవరూ చెప్పకుండానే మిషను ఆపి, మిగిలిన పని చేతిసూదితో కుట్టేది. చేతిసూదితో ప్యాంటు అంచులు కుట్టడం ఎంత కష్టమో నాకు తెలియదు గానీ, సాయంత్రానికి ఆమె వేళ్ళకి కట్లు కనిపించేవి.

ఒక మధ్యాహ్నం నేను పండు ముక్కలు కోసి తీసుకెళ్ళేసరికి మా ఆవిడ చెయ్యెత్తింది. ఆగమన్నట్టు. ఆమె మొహంలో రంగు మారింది. పెట్టెలోని చప్పుడు వెనక్కి తిప్పుకుని మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. కళ్ళు తెరిచి నా వైపు చాలాసేపు చూసింది. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు తీసి తనే నా చెవులకి పెట్టింది.

జలపాతం హోరు. దాని అడుగున, ఎక్కడో చాలా దూరాన, దుప్పటి కప్పినట్టు, కిర్రు. కిర్రు. కిర్రు.

అక్కడ ఆపేసింది.

"ఎగువ పెట్టె," అంది.

మంచం అంచున కూర్చుండిపోయాను. కప్ప కోసం ఏడ్చిన మొదటి ప్రూఫు రీడరుని నేనే అయ్యుంటాను. గుమ్మంలో వదిన నిలబడి, "ఏమైందే చిన్నీ, ఏమైంది?" అంటోంది. నేను వేలితో చెవి చూపించాను.

పిచ్చుకకి ఫోన్ చేస్తే కాలేజీ నుంచి పరుగెత్తుకొచ్చింది. మా ఆవిడ వినిపించినంత వరకు నిలబడే విన్నది. పెట్టె గడియారం ప్రకారం ఆ కూత పడ్డది నడి మధ్యాహ్నం. ఆ వేళ మేమిద్దరం రేకుల గదిలో తిని పడుకుని ఉంటాం. కాబట్టి అది మా స్పీకరు కాదు. ఎగువన వేళ మార్చుకుని కూస్తోందేమో, మబ్బు పట్టి చీకటైందేమో అని పిచ్చుక లెక్కలు వేస్తోంది. "మేడమ్, కమిటీకి ఇప్పుడే రాసేయనా?"

"ఆగు," అంది మా ఆవిడ. "ఎవరికీ రాయకు. నేను ఇంకా వింటున్నాను."

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇల్లు ఇల్లులా ఉంది. వదిన పాటలు కూనిరాగం తీసింది. ఆకుపచ్చ గుడ్డముక్కలు జతచేసి, రెండు గుండీలు కళ్ళుగా పెట్టి, కప్ప ఆకారంలో దిండు కుట్టింది.

"అక్కా, నా కప్ప బురద రంగే," అంది మా ఆవిడ.

"బురద రంగు గుడ్డ ఎవరైనా కొంటారటే? కళ్ళకి ఇంపుగా ఉండాలి గానీ. దానికే గనక తెలివి ఉంటే ఈ రంగులో పుట్టేది."

మా ఆవిడ ఆ దిండు పొట్టకి హత్తుకుని పడుకునేది. నొప్పి తక్కువగా ఉందనేది. ఆ వారమే ఆసుపత్రి వాళ్ళు చెప్పిన సంగతులు మంచివి కావు. మందు పనిచేయడం మానేసిందన్నారు. అయినా ఆ వారం పిచ్చుకతో కలిపి మేం నలుగురం భోజనాల బల్ల చుట్టూ కూర్చుని తిన్నాం. ఆమె మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసేది.

*

సమావేశం ఇంకా కొన్ని రోజులుందనగా ఒక సాయంత్రం పిచ్చుక వచ్చి, లోపలికి రాకుండా మెట్ల మీదే నిలబడి నన్ను పిలిచింది.

"బాబాయ్ గారూ, ఒక మాట. మేడమ్ వినకముందే."

బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా లాగాను.

"బ్యాటరీలు మార్చాం కదా, వానలో. అప్పుడు పెట్టె గడియారం తప్పింది. నేను సరిచేయలేదు. చూసుకోలేదు." ఆమె మాట నెమ్మదిగా వస్తోంది, నేను ఎప్పుడూ విననంత నెమ్మదిగా. "నిన్న అనుమానమొచ్చి రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి విన్నాను. పైన కూత పడ్డ ప్రతిసారీ కింద మనం స్పీకరు పెట్టాం. అది వాన వెలిసిన రోజు. జలపాతం తగ్గింది. మన చప్పుడే పైదాకా వెళ్ళింది."

నేను గోడకి ఆనుకున్నాను. కింది అంతస్తులో ఎవరో పాత్రలు తోముతున్నారు.

"అంటే అది..."

"మనమే, బాబాయ్ గారూ. మనం పిలిచింది మనకే వినపడింది."

ఆమె కళ్ళు తుడుచుకుంది. తల దించుకునే అంది. "చెప్పకపోతే? సమావేశం అయ్యేదాకా. అనుమానం ఉందంటే చాలు, వాళ్ళు ఆగుతారు. వచ్చే ఏడు నేను వెళ్తాను. వెతుకుతాను. లేదని నేనే చెప్తాను, నా పేరు మీదే చెప్తాను. అప్పటికి..."

అప్పటికి తర్వాత ఏముందో ఇద్దరికీ తెలుసు. నిజం చెప్పొద్దూ, ఆ ఆలోచన నాకు చాలా బాగుంది. తన కప్ప బతికుందనుకుంటూ వెళ్ళిపోతుంది. ఇందులో ఎవరికి నష్టం అనిపించింది.

"నువ్విక్కడే కూర్చో," అన్నాను.

వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. రెండు కప్పులు పట్టుకుని గదిలోకి వెళ్ళేదాకా ఏం చేయాలన్నది తేల్చుకోలేదు. మా ఆవిడ హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని కూర్చుని ఉంది. నా మొహం చూసింది. నా మొహం ఎప్పుడూ ఏదీ దాచిపెట్టలేదు.

"మెట్ల మీద పిచ్చుక గొంతు వినిపించింది," అంది. "లోపలికి రాకుండా మాట్లాడుతోందంటే తేలిపోయిందన్నమాట. కూర్చోండి."

కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టింది. అదే హోరు. అవే మూడు కిర్రులు. ఈసారి ఆపలేదు. సన్నగా టక్కు. ఆ టక్కు మీదే, పత్తిలో చుట్టినట్టు, ఒక కుర్రవాడి దగ్గు.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ మధ్యాహ్నమే. మీకంటే ముందే మొత్తం విన్నాను కదా. మీకు ఇచ్చేటప్పుడు దగ్గు రాకముందు ఆపాను."

"ఎందుకు?"

ఆమె కప్పు అందుకుని, తాగకుండా వేళ్ళు వెచ్చబెట్టుకుంది. "కప్ప ఉందని తెలిస్తే మీ మొహం ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. ఇన్నేళ్ళుగా ప్రతి చోటి నుంచీ లేదనే కబురే కదా మోసుకొచ్చాను మీకు." పక్కనున్న ఆకుపచ్చ దిండు నిమిరింది. "సాయంత్రం చెప్దామనుకున్నాను. ఈలోపు అక్క దిండు కుట్టేసింది."

నాకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు ఆశ్చర్యమూ వేసింది. ఆమె కూడా నవ్వుతోంది, కళ్ళ నీళ్ళతో.

"పిచ్చుక అంటోంది, చెప్పకుండా ఉంటే..."

"ఏమంటుందో తెలుసు. నేనూ అనుకున్నాను. రోజూ అనుకున్నాను. గడియారం తప్పిందని నాకు ఎవరూ చెప్పలేదు కదా, నాకు తెలియదనే ఉంటుంది కదా అని." టీ ఒక గుక్క తాగింది. "పిలవండి దాన్ని. మెట్ల మీద చలిగా ఉంటుంది."

పిచ్చుక వచ్చి గుమ్మంలోనే నిలబడింది. చెంపలు తడిగా ఉన్నాయి.

"గడియారం చూసుకోలేదు మేడమ్."

"ఎవరూ చూసుకోరు. నేనైతే ఓసారి మా దారి చూపేవాడి గురకని కొత్త జాతి అనుకుని మురిసిపోయాను. దానికి పేరు కూడా ఆలోచించాను. రా, కూర్చో. మీ బాబాయ్ టీలో చక్కెర వేయడం మర్చిపోయారు, నీది నువ్వు వేసుకో."

*

సమావేశం మా హాల్లోనే, కంప్యూటరు తెర మీద. చిన్న చిన్న గళ్ళలో దేశదేశాల మొహాలు. కొందరి వెనక చీకటి, కొందరి వెనక ఎండ. మా ఆవిడ మంచి బట్టలు వేసుకుంది. అవి వదులైపోయాయని పొద్దున్నే వదిన వాటిని లోపలివైపు పిన్నులతో బిగించింది. నేనూ పిచ్చుకా తెరకి పక్కగా, కనపడకుండా కూర్చున్నాం.

వాళ్ళు మాట్లాడేది వేరే భాషే గానీ నాకు అర్థమయ్యేది. అధ్యక్షురాలు ఒక్కొక్క కప్ప పేరే చదువుతోంది. మా కప్ప దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళద్దాలు సవరించుకుంది. గొంతు మెత్తబడింది. "ఈ ఒక్కటీ వచ్చే సమావేశానికి వాయిదా వేయొచ్చు," అంది. "ఎవరికీ అభ్యంతరం లేదు. ముందే మాట్లాడుకున్నాం."

వాళ్ళందరికీ మా ఆవిడ ఆరోగ్యం గురించి తెలుసని నాకు అప్పుడే తెలిసింది. మంచివాళ్ళు.

"నాకు ఉంది అభ్యంతరం," అంది మా ఆవిడ.

ఆ తర్వాత చెప్పుకుంటూ పోయింది. ఏ కాలంలో, ఏ వేళల్లో, ఎలా వెతికారో చెప్పింది. ఎగువ పెట్టెలో పడ్డ కూత గురించి కూడా చెప్పింది. "మా చప్పుడే మా పెట్టెలో పడింది, అలా అమర్చింది నేనే," అంది. నా పక్కన పిచ్చుక కదలబోయింది. మా ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే బల్ల కింద ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. చివరికి, పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేశారని పోస్టుమాన్‌తో చెప్పినంత మామూలుగా, "ఇక లేదు," అంది.

అధ్యక్షురాలు తల వంచి ఏదో రాసుకుంది. తర్వాతి పేరు చదివింది. ఆ పని అంతే. గంటలు మోగవు, ఎవరూ లేచి నిలబడరు.

సమావేశం అయిపోయింది. మొహాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఒక్క గడి మాత్రం మిగిలింది. తెల్లగడ్డం మనిషి. సమావేశమంతా ఒక్క మాట మాట్లాడనివాడు. ద్వీపం పెద్దాయన అని నాకు చెప్పకుండానే తెలిసింది.

"చాలా ఏళ్ళు మీ మీద కోపంగా ఉండేది నాకు," అన్నాడు.

"తెలుసు," అంది మా ఆవిడ.

"మీరన్న మాట నిజమని తెలిసే ఉండేది."

"అదీ తెలుసు."

ఆయన వెళ్ళిపోలేదు. అటు ఆయనా, ఇటు ఈవిడా, చెట్టు పోయిన చోటికి వచ్చి నిలబడ్డ మనుషుల్లా ఆ తెరలో ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. వదిన వంటింట్లోంచి వచ్చి, విషయం అర్థంకాకపోయినా, తెరలోని ఆయనకి కూడా కనపడేలా వంగి, "టీ తాగుతారా?" అని అడిగింది. ఆయనకి మన భాష రాదు. అయినా చెయ్యి గుండె మీద పెట్టుకుని తల ఊపాడు.

*

ఆ రోజు చీకటి పడ్డాక ఆమె రెండు చెంచాల సూపు తాగింది. పిచ్చుక వెళ్ళిపోయింది. మర్నాడు ఇంకో వాగుకి, ఇంకా బతికున్న వేరే కప్ప దగ్గరికి తనకి ప్రయాణం ఉంది. మా ఆవిడే పొమ్మని తొందరపెట్టింది.

"ఎగువ పెట్టె పెట్టండి," అంది నాతో, పడుకున్నాక.

"ఇంకా ఏం వింటావు?"

"ఏమీ లేదు. ఊరికే. ఇన్నేళ్ళూ ఆ వాగుని దాని కూత కోసమే విన్నాను. మిగతావన్నీ అడ్డం అనిపించేవి. ఒక్కసారి వాగుని వాగులా విననివ్వండి."

హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టాను. కళ్ళు మూసుకుంది. కాలి బొటనవేలు కొంతసేపు కదిలింది, తర్వాత ఆగింది. ఆమె ఊపిరి నెమ్మదించేదాకా పక్కనే కూర్చున్నాను. ఆ తర్వాత మాకు కలిసి దొరికింది ఒక్క చలికాలమే. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆ క్షణాన ఆమెకి నొప్పి లేదన్నది మాత్రం తెలుసు. అప్పటికి అది చాలు.

వదిన వచ్చి, నిద్రపోయిందా అన్నట్టు కనుబొమలెత్తింది. తల ఊపాను. ఆమె చెల్లెలి జుట్టు సవరించి, హెడ్‌ఫోన్లు మెల్లిగా తీసింది. వాటిని బల్ల మీద పెట్టబోయి, ఏమనుకుందో, తన చెవి దగ్గర పెట్టుకుంది. అన్నాళ్ళలో ఆమె వాటిలో వినడం అదే మొదలు. అలాగే నిలబడి విన్నది. ఆమె మొహంలో ఏదో సర్దుకున్నట్టయింది.

"వానేగా ఇది," అంది నాతో గుసగుసగా.

"వానే వదినా."

ఆపమంటుందేమోనని చెయ్యి చాపాను. ఆమె వద్దని తల ఊపి, హెడ్‌ఫోన్లని చెల్లెలి దిండు పక్కనే పెట్టింది, చప్పుడు అలాగే రానిచ్చి. లైటు తీసేసింది. ఇద్దరం బయటికి వచ్చాం. నేను వెనక్కి తిరిగి చూసేలోపే వదిన పిడి తిప్పి పట్టుకుని, టక్కుమనకుండా తలుపు నెమ్మదిగా వేసేసింది.